పాత బోటుకు పెయింట్ కొట్టేముందు ఒక్కసారి తడిపి చూడండి

(వేట నిషేధం రోజుల్లో ఒకనాటి పొద్దున, కొత్తపట్నం తీరంలోని ఒక పల్లెలో, ఒడ్డున బోట్ల పక్కన చెప్పిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

పెద్దలకు, అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం. అక్కలు, వదినలు కూడా వచ్చారు, చాలా సంతోషం. వెనకున్నవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ బోటు నీడ ఉంది. ఎండ ఎక్కకముందే మాట్లాడుకుందాం, ఆ తర్వాత పని చేసి చూపిస్తాను.

ఏప్రిల్ 15న వేట ఆగింది. జూన్ 14 దాకా, 61 రోజులు, బోటు ఒడ్డునే ఉంటుంది. ఈ రోజుల్లో మనం ఏం చేస్తాం? వలలు కట్టుకుంటాం, ఇంజన్ విప్పుతాం, ఇంట్లో పెళ్ళి ఉంటే చేస్తాం. బోటు ఒంటి సంగతి చివరి వారంలో గుర్తొస్తుంది. అప్పుడు ఒంగోలు పోయి రెండు డబ్బాల ఎనామిల్ తెచ్చి, ఉన్న మురికి మీదే కొట్టేస్తాం. నీళ్ళలోకి తోసేరోజు బోటు కొత్తగా ఉంటుంది. మరి దీపావళికి ఎలా ఉంటుంది? పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. అవునా, కాదా? తలలు ఊపుతున్నారు కదా, అందరికీ తెలిసిన సంగతే.

నేనూ అలాగే చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండు పెయింట్లూ గీకి తీయడానికి ఒక నిషేధం మొత్తం పోయింది. గీకిన తర్వాత కింద చూస్తే బోటు అసలు రంగు అక్కడే ఉంది. నీలం రంగు, ఎక్కడికీ పోలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఉన్న రంగును కప్పడానికా నేను ఇంత డబ్బు పోసింది అనిపించింది. అందుకే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. మీరు ఆ పని చేయకూడదు.

ఈ బోటు గురించి రెండు మాటలు చెబుతాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మా చెక్క నావను ఎత్తి సర్వితోపులో పడేసింది. నడుము విరిగిపోయింది. మా నాన్న ఆ నావ పక్కన కూర్చుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత 2006లో ఈ ఫైబర్ బోటు వచ్చింది. 28 అడుగులు. మీలో చాలామంది ఇళ్ళలో మొదటి ఫైబర్ బోటు ఆ రెండు మూడేళ్ళలో వచ్చిందే. అంటే ఆ బోట్లన్నీ ఇప్పుడు ముసలివయ్యాయి. లోపలి రెసిన్, అంటే గాజు పీచును పట్టి ఉంచే జిగురు, గట్టిగానే ఉంది, పైచర్మం మాత్రం తెల్లబడింది.

మా నాన్నది చెక్క అలవాటు. సొరచేప నూనె కాచి నావకు పూసేవాడు. చెక్క నూనె తాగుతుంది, తాగితే నీళ్ళు పట్టదు, పురుగు పట్టదు. ఆ చేత్తోనే ఫైబర్ బోటుకు కూడా నూనె గుడ్డ పెట్టేవాడు. నూనె దొరక్కపోతే డీజిల్. పూసిన రోజు బోటు నిగనిగలాడేది. కానీ ఫైబర్ నూనె తాగదు కదా. నూనె పైనే ఉంటుంది, దానికి ఇసుక అంటుకుంటుంది, దుమ్ము అంటుకుంటుంది, నాలుగు రోజులకు నల్లటి జిడ్డు. ఇప్పటికీ మన ఒడ్డున డీజిల్ గుడ్డతో తుడిచేవాళ్ళు ఉన్నారు. పెద్దవాళ్ళను తప్పుపట్టడం లేదు. చెక్కకు వాళ్ళు చేసింది సరైన పని. ఇది చెక్క కాదు, అంతే.

మరి ఇది ఏంది? గాజు పీచు, రెసిన్. గాజు పీచు చాపను మనం మ్యాట్ అంటాం. దాని పైన కనిపించే రంగు పెయింట్ కాదు, జెల్‌కోటు. బోటు చేసేటప్పుడు చూసినవాళ్ళు ఉన్నారా? అచ్చు లోపల మొట్టమొదట పూసేది ఈ జెల్‌కోటే. అది పట్టుకున్నాక దాని మీద మ్యాట్, రెసిన్, మళ్ళీ మ్యాట్. అంటే ఇల్లు కట్టి చివర్లో సున్నం కొట్టినట్టు కాదు. సున్నం ముందు, గోడ తర్వాత. బోటు పైనుంచి లోపలికి తయారవుతుంది. అందుకే ఆ రంగు మ్యాట్‌తో కలిసిపోయి ఉంటుంది, పెయింట్ లాగా పొర లేవదు.

దాని మందం ఎంత? సుమారు అర మిల్లీమీటరు. మీ బొటనవేలి గోరు చూసుకోండి, దాదాపు అంత. ఈ గోరంత చర్మమే ఇరవై ఏళ్ళుగా ఉప్పునీళ్ళను, ఎండను ఆపుతోంది. ఈ రోజు నేను చెప్పే మాటల్లో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకండి. మనకు ఉన్నది అర మిల్లీమీటరే. మనం ఏం చేసినా అందులోంచే తీస్తాం. తీసింది తిరిగి రాదు.

ఇక రంగు ఎందుకు వెలిసిపోతుంది? ఎండ వల్ల. ఎండలో కంటికి కనిపించని అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి. అవి జెల్‌కోటు పైపొరలో రెసిన్‌ను విరగ్గొడతాయి. విరిగిన రెసిన్ పొడి అవుతుంది, మెరుపు పోతుంది, సన్నటి గుంటలు పడతాయి. ఇటు చూడండి, నల్లగుడ్డతో రుద్దుతున్నాను. గుడ్డకు ఏమంటింది? సుద్దముక్క పొడిలాంటిది. అది చచ్చిన చర్మం. దాని కింద బతికున్న రంగు ఉంది.

ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పైసా ఖర్చు లేదు. చెంబుతో నీళ్ళు పోయండి. ఇదిగో పోస్తున్నాను. చూశారా, తడిసిన చోట నీలం ఎలా లేచిందో! ఆ గుంటల్లో నీళ్ళు నిండాయి, వెలుతురు చెదరడం ఆగింది, కింది రంగు కనిపించింది. ఆరితే మళ్ళీ తెల్లబడుతుంది. తడిపితే రంగు లేచిందంటే ఆ బోటుకు పెయింట్ అక్కరలేదు, పాలిష్‌తో తిరిగి వస్తుంది. తడిపినా లేవకపోతే, లేదా లోపల మ్యాట్ పీచు గళ్ళు కనిపిస్తుంటే, జెల్‌కోటు అయిపోయినట్టు. దానికి పాలిష్ పెట్టకండి, వేరే వైద్యం ఉంది, చివర్లో చెబుతాను.

ఎర్ర బోటు మాది, ఎక్కువ వెలిసింది ఎందుకు అని అడుగుతున్నాడు తమ్ముడు. మంచి ప్రశ్న. ఎరుపు, నీలం లాంటి ముదురు రంగులు ఎండకు త్వరగా తేలిపోతాయి. తెలుపు కూడా పొడి అవుతుంది కానీ తెలుపు మీద తెల్లపొడి కనిపించదు. తెల్ల బోటు ఉన్నవాళ్ళు మాది బాగానే ఉందని వదిలేయకండి, నల్లగుడ్డతో రుద్ది చూడండి.

సరే, పనిలోకి వద్దాం. మొదట కడగాలి. దేనితో? మంచినీళ్ళతో. సముద్రపు నీళ్ళు వద్దు, బకింగ్‌హాం కాలువ నీళ్ళు కూడా వద్దు, అవీ ఉప్పే. ఉప్పు ఆరితే గింజ కడుతుంది, ఆ గింజ మన చేతికింద ఇసుకలా గీతలు పెడుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ట్యాంకరు నీళ్ళు రెండు డ్రమ్ములు పట్టుకోండి. సబ్బుపొడి, మెత్తటి బ్రష్షు. పీతలు, పొలుసులు, ఎండిన నెత్తురు అంతా పోవాలి. కడిగిన తర్వాత పాత నూనె, డీజిల్ జిడ్డు ఉన్నచోట అసిటోన్ గుడ్డతో తుడవాలి. కొంచెం కొంచెం, తుడిచిన గుడ్డ మారుస్తూ. అసిటోన్ దగ్గర బీడీ వెలిగించకూడదు. ఇది నవ్వే మాట కాదు అన్నా, దాని ఆవిరి దూరం నుంచే అంటుకుంటుంది.

బోల్టుల కింద కారిన తుప్పు మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది. గ్లౌజులు వేసుకుని, నీళ్ళలో కలిపి గుడ్డతో పెట్టి, కాసేపు ఉంచి బాగా కడిగేయాలి. కొందరు బ్లీచింగ్ పొడి చల్లుతారు. దాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. రెండూ ఒకే బకెట్లో ఎప్పుడూ పడకూడదు.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు. గరుకు కాగితం తీసుకుని బోటంతా ఒకేసారి రుద్దేయడం. అలా కాదు. ముందు ఎవరికీ కనిపించని మూల రెండడుగుల ముక్క ఎంచుకోండి. అక్కడ కాగితం లేకుండా ఉత్త రబ్బింగ్ కాంపౌండ్, అంటే రుద్ది మెరుపు తెచ్చే పేస్టు, పెట్టి చూడండి. కారు పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. దానితోనే మెరుపు వస్తే కాగితమే అక్కరలేదు! చర్మం మిగిలింది. రాకపోతే 1000 నంబరు వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. దానికీ లొంగకపోతే 800. మరీ మొండిగా ఉంటే 600. అంతకు మించి గరుకు వద్దు. 400తో మొదలుపెట్టినవాళ్ళను చూశాను, ఆ గీతలు తీయడానికే ఉన్న జెల్‌కోటు సగం పోయింది. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు, ఇది గుర్తుపెట్టుకోండి. మన పని తక్కువ గరుకుతో మొదలవ్వాలి, చాలకపోతేనే ఒక మెట్టు గరుకు పెంచాలి.

కాగితాన్ని చేత్తో పట్టుకోకండి, వేళ్ళ ఒత్తిడికి గాడులు పడతాయి. రబ్బరు చెప్పు అరిగిపోయింది ఉంటుంది కదా, దాని ముక్క కోసి కాగితం చుట్టండి, సరిపోతుంది. బకెట్ నీళ్ళలో రెండు చుక్కలు సబ్బునీళ్ళు. కాగితం ఎప్పుడూ తడిగా ఉండాలి. తడిగా రుద్దితే పొడి లేవదు, ఊపిరితిత్తుల్లోకి పోదు. కాగితం కింద పడిందా? ఇసుక అంటింది. కడిగి వాడటం కాదు, పారేసి కొత్తది తీయండి. ఒక్క ఇసుక రేణువు చాలు, గంట పని పాడవుతుంది.

ఎంత రుద్దాలో ఎలా తెలుస్తుంది? ఇది ఒక బోటు యార్డులో పనిచేసే మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను. పెన్సిల్ తీసుకుని ఆ ముక్క మీద అడ్డదిడ్డంగా గీతలు గీయండి. రుద్దండి. గీతలు చెరిగిపోగానే ఆగండి. ఆ నంబరుకు అంతే పని. మళ్ళీ గీతలు గీయండి, తర్వాతి నంబరు పట్టండి, ఈసారి అడ్డంగా కాకుండా నిలువుగా రుద్దండి. అప్పుడు ముందు కాగితం గీతలు మిగిలాయా లేదా కంటికి తెలుస్తుంది. 800 పట్టినవాళ్ళు 1000, 1500, 2000 దాకా పోవాలి. మధ్యలో మెట్టు దాటేయకండి. దాటితే కాంపౌండ్ పెట్టాక ఎండలో సన్నగీతలు బయటపడతాయి, మళ్ళీ వెనక్కి రావాలి.

అంచుల దగ్గర, మూలల దగ్గర చేయి తేలిక చేయండి. అక్కడ జెల్‌కోటు పల్చగా ఉంటుంది. రంగు మారుతున్నట్టు, కింద పీచు నీడలా కనిపిస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. ఇంకొక్కసారి రుద్దుదాం అనుకోకండి.

ముందుభాగంలో పేర్లు, గంగమ్మ తల్లి బొమ్మలు ఉన్నవాళ్ళు వాటి చుట్టూ టేపు వేసుకోండి. అవి జెల్‌కోటు మీద కొట్టిన పెయింట్, కాగితం తగిలితే పోతాయి. ఐఎన్‌డి-ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు కూడా అంతే, అది చెరిగితే సముద్రం మీద కోస్ట్ గార్డు ఆపినప్పుడు మీకే టెన్షన్. మా బోటు ముందు మా అమ్మ పేరు ఉంది. ఆ అక్షరాల చుట్టూ నేను మెషీన్ పెట్టలేదు, గుడ్డతో వేలితో చేశాను. ఒక పూట పట్టింది. పట్టనీ.

కాగితం పని అయ్యాక బోటు ఇంకా మసకగానే కనిపిస్తుంది. కంగారు పడకండి. మెరుపు కాంపౌండ్‌తో వస్తుంది. ప్యాడ్ తిప్పి మెరుగుపెట్టే బఫింగ్ మెషీన్ అద్దెకు దొరుకుతుంది, ఉన్ని ప్యాడ్ వేసుకోవాలి. బోటు పూర్తిగా ఆరాకే మెషీన్ ముట్టుకోండి. తడి ఇసుకలో కరెంటు వైరు, తడి చేతులు, ఇవి కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వైరు జాయింట్లు నేల మీద ఉండకూడదు, గెడకు కట్టి పైకి ఎత్తండి.

కాంపౌండ్ కొంచెం పూసి, ముందు తక్కువ స్పీడులో పరిచి, తర్వాత స్పీడు పెంచండి. నిమిషానికి 1500 నుంచి 1800 చుట్లు, అంతకు మించి వద్దు. మెషీన్ ఒక్కచోట నిలపకూడదు, కదులుతూనే ఉండాలి. మధ్యలో అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే జెల్‌కోటు మాడుతోంది.

ఇక్కడ మన ఊరి వాతావరణం సంగతి చెప్పాలి. మేలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కాంపౌండ్ పూసిన వెంటనే ఎండి అట్ట కడుతుంది. మధ్యాహ్నం అయితే సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది, ఆ గాలితో ఇసుక వస్తుంది, ఇసుక ఉన్ని ప్యాడ్‌లో దూరుతుంది. అందుకే తెల్లవారి అయిదు నుంచి తొమ్మిది దాకే పని. గాలి వచ్చే వైపు టార్పాలిన్ పట్టా కట్టండి. తాటాకు పందిరి వేసుకోగలిగితే ఇంకా మంచిది. మా బోటు రెండు పక్కలకూ నేను, మా అబ్బాయి ఇలా పొద్దున పూటలే చేస్తే తొమ్మిది రోజులు పట్టింది. 61 రోజుల్లో తొమ్మిది పొద్దుటిపూటలు తీయలేమా?

అక్కా, మీరు అడగబోయేది నాకు తెలుసు. చేపలు ఎండబెట్టే చోటికి దగ్గరగా ఈ పని చేయకూడదు. రుద్దిన నీళ్ళు, రెసిన్ పొడి ఆ ఇసుకలోకి పోకూడదు. బోటును పక్కకు లాగి చేసుకోవాలి, వాడిన గుడ్డలు, కాగితాలు సంచిలో కట్టుకుని తీసుకుపోవాలి. అది మగవాళ్ళం మేం చూసుకోవాల్సిన బాధ్యత.

కాంపౌండ్ తర్వాత సన్నటి పాలిష్, ఆ తర్వాత మైనం. పేస్టు వ్యాక్స్ అంటారు. చాలామంది మెరుపు వచ్చేసింది కదా అని ఇక్కడ ఆపేస్తారు. ఆపితే ఏమవుతుంది? కొత్తగా బయటపడిన చర్మానికి అడ్డం ఏమీ ఉండదు, ఎండ మళ్ళీ దాన్నే తింటుంది. వచ్చే ఏడాది మళ్ళీ రుద్దాలి, మళ్ళీ కొంత పోతుంది. అర మిల్లీమీటరు అన్నాను కదా, ఇలా ఎన్ని ఏళ్ళు రుద్దగలం? మైనం పెట్టేది మెరుపు కోసం కాదు, మళ్ళీ రుద్దే అవసరం రాకుండా. పల్చగా రెండు పూతలు. మొదటిది తుడిచి, మర్నాడు రెండోది. ఎండకు, ఉప్పుకు అది కొన్ని నెలల్లో అరిగిపోతుంది. నేను నిషేధంలో ఒకసారి, దసరాకు ఒకసారి పెడతాను. ఆయుధపూజకు ఎలాగూ బోటు కడుగుతాం, ఆ రోజే మైనం గుడ్డ పట్టుకుంటే తుఫాన్ల కాలానికి ముందు అయిపోతుంది. పరీక్ష ఏందంటే, నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోవాలి. పరుచుకుని నిలబడుతుంటే మైనం అయిపోయింది.

ఒక జాగ్రత్త. మైనం బయటి పక్కలకే. కాళ్ళు పెట్టే చోట, వల లాగేటప్పుడు నిలబడే చోట, అంచు మీద అస్సలు పెట్టకండి. అలలో తడి కాలు జారితే మనిషి నీళ్ళలో ఉంటాడు. చేపలు వేసే గదిలో కూడా కాంపౌండ్, మైనం ఏవీ వద్దు.

అడుగుభాగం సంగతి అడిగారు. జువ్వలదిన్నె లాంటి హార్బర్లో నీళ్ళలోనే ఉండే పెద్ద బోట్లకు గుల్లలు పట్టకుండా అడుగున వేరే మందుపెయింట్ వేస్తారు. మనవి రోజూ ఇసుక మీదికి లాగే బోట్లు, మనకు అది అవసరం లేదు. మన అడుగు ఇసుకకు అరుగుతుంది. అక్కడ మెరుపు కోసం చూడకండి, మ్యాట్ బయటపడిందా అని చూడండి. పడితే అది పాలిష్ పని కాదు, మ్యాట్, రెసిన్ పని.

చిన్న పగుళ్ళు, గీతలు ఉంటే పాలిష్‌కు ముందే జెల్‌కోటుతో పూడ్చుకోవాలి. పగులును పైపైన పూయకుండా మొనతో కొంచెం విప్పి, ఆరబెట్టి, నింపాలి. హార్డనర్, అంటే జెల్‌కోటును గట్టిపరిచే మందు, నూటికి ఒకటి, రెండు పాళ్ళు. మే ఎండలో రెండు వేస్తే చేతిలోనే గట్టిపడుతుంది, ఒకటి చాలు. పూసిన జెల్‌కోటు గాలి తగిలితే పైన జిగురుగా ఉండిపోతుంది. అందుకని దాని మీద ప్లాస్టిక్ కాగితం బుడగలు లేకుండా అతికించి, గట్టిపడ్డాక తీయండి. హార్డనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కళ్ళద్దాలు తప్పనిసరి. ఇంకొకటి, చాలా ముఖ్యం. రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్టును, హార్డనర్‌ను నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదు. పేలుతుంది. కోబాల్టు ముందు రెసిన్‌లో కలిసిపోవాలి, ఆ తర్వాతే హార్డనర్. పిల్లలు దగ్గరుంటే ఆ డబ్బాలు తెరవనే వద్దు.

ఇక జెల్‌కోటు పూర్తిగా అయిపోయిన బోటు. దానికి పెయింటే మార్గం. కానీ ఎనామిల్ కాదు. కడిగి, జిడ్డు తీసి, గరుకు చేసి, ఎపాక్సీ ప్రైమర్ అనే అడుగుపూత, దాని మీద రెండు డబ్బాలు కలిపే పాలియురెథేన్ పెయింట్. ఆవిరి మంచిది కాదు, మాస్కు పెట్టుకుని గాలి ఆడేచోట బ్రష్షుతో వేయండి. ఖర్చు ఎక్కువే. అందుకే చెబుతున్నాను, చర్మం ఉన్నప్పుడే కాపాడుకోండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. బోటు ఎక్కువ ఎండేది వేటలో కాదు, ఈ 61 రోజుల్లోనే. రోహిణి కార్తెలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఇసుక మీద ఉంటుంది. మనకు నీడ వెతుక్కుంటాం, దానికి ఎవరు వెతుకుతారు? పని అయ్యాక పట్టా కప్పండి. ఒంటికి బిగించి కట్టకండి. బిగిస్తే లోపల చెమ్మ ఆగుతుంది, గాలికి పట్టా రాసుకుని మళ్ళీ గీతలు పడతాయి. గెడలు అడ్డం పెట్టి, గాలి ఆడేలా ఎత్తుగా కట్టండి.

ఎండ అప్పుడే ఇటు తిరిగింది. ఇంకా గంటన్నర పని చేసుకోవచ్చు. ఎవరి బోటు తెచ్చారు, ఎర్రదేనా? తమ్ముడూ, వెనకవైపు కింద మూల చూపించు, అక్కడ రెండడుగులు టేపు వేద్దాం. ఎవరైనా ఆ బకెట్ మంచినీళ్ళు ఇటు అందించండి. ముందు తడిపి చూద్దాం.